బీఎస్సీ కెమిస్ట్రీతో ఫుడ్ కంపెనీలో జనరల్ మేనేజర్ (జీఎం) దాకా వెళ్లాలంటే ముందు ఎంబీఏ చేయాలా?

చెల్లెమ్మా, మిర్యాలగూడలో డిగ్రీ అయిపోయింది, ముందు ఎంబీఏ చేయాలా, ఉద్యోగంలో చేరాలా అని అడిగావు. నేనూ బీఎస్సీ కెమిస్ట్రీయే. నల్గొండ వైపు ఒక డెయిరీ ల్యాబ్‌లో చేరి పంతొమ్మిదేళ్లకు జీఎం అయ్యాను. ముందు ప్లాంట్‌లో చేరు.

ఫుడ్ టెక్నాలజీ చదవలేదని బెంగ వద్దు. ఉత్పత్తిని చూసుకోవడానికి ఒక టెక్నికల్ మనిషి ఉండాలని ఆహార లైసెన్సు నిబంధనల్లోనే ఉంది. కెమిస్ట్రీతో సైన్స్ డిగ్రీ చేసినవాళ్లు దానికి అర్హులే. 1949లో గుజరాత్‌లోని ఆనంద్ వెళ్లి అమూల్‌ను పెంచిన కురియన్ చదివింది కూడా మెకానికల్ ఇంజనీరింగే.

మొదటి రెండేళ్లు నా పని ఫ్యాట్ టెస్టు, అంటే పాలలో కొవ్వు ఎంత శాతం ఉందో చూడటం. ట్యూబులో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ యాసిడ్, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాల్ పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. 0.1 శాతం తేడా వచ్చినా రైతు చేతికొచ్చే డబ్బు మారుతుంది. ఆ భయం ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా.

ఒక మే నెలలో దేవరకొండ రూటు నుంచి వచ్చిన 40 లీటర్ల క్యాను, కాచి చూస్తే విరిగింది. రూలు ప్రకారం వెనక్కి పంపాను. మనసు ఒప్పుకోక మర్నాడు అదే బండెక్కి ఆ ఊరు పోయాను. ఒక పెద్దమ్మ నిలదీసింది: "ఐదింటికే పిండి పోసిన బిడ్డా. మీ బండి మా క్యాను ఎక్కించుకొని ఊళ్లన్నీ తిరిగితే పాలు ఇరగవా? నా తప్పేంది?"

ఆమె చెప్పింది నిజం. బండి మా ప్లాంట్‌కు దగ్గరున్న ఊరి పాలు ముందే ఎక్కించుకొని, చివరి ఊరి దాకా పోయి తిరిగొచ్చేది. ఖాళీ బండితో ముందు చివరి ఊరికి పోయి, వచ్చేటప్పుడు ఎక్కించుకుంటూ రమ్మన్నాం. ఆ రూటులో విరగడం బాగా తగ్గింది. అప్పుడే నన్ను ల్యాబ్ నుంచి పాల సేకరణకు మార్చారు. నా కెరీర్ మలుపు తిరిగింది అక్కడే.

జీఎం పనంటే మీటింగులే అనుకుంటారు. మా దగ్గర అసలు లెక్క వేరు. చలికాలంలో పాలు పొంగిపోతాయి, ఎండాకాలంలో పడిపోతాయి, పెరుగుకు గిరాకీ మాత్రం ఎండల్లోనే. చలికాలపు పాలలో ఎంత పౌడర్, ఎంత వెన్న చేసి దాచాలి? ఈ లెక్క తప్పితే ఆ నష్టం ఏడాదంతా వెంటాడుతుంది. పండగ రోజైనా పాలు ఆగవు కాబట్టి సెలవుల విషయం ఇంట్లో ముందే చెప్పు.

ఎంబీఏ నేను తర్వాత దూరవిద్యలో చేశాను. బ్యాలెన్స్ షీట్ అర్థమైంది, పనికొచ్చింది. నువ్వూ నాలుగైదేళ్లు ఆగి చెయ్యి.

మీ ఊళ్లోనే ఇన్ని రైస్ మిల్లులున్నాయి. ఉద్యోగం దొరికేలోపు ఈ సీజన్‌లో ఒక మిల్లులో అడిగి, వడ్లు దించుకునే చోట నిలబడు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. మీటర్ 18 చూపించినప్పుడు రైతుతో ఎవరు ఏం మాట్లాడుతున్నారో గమనించు.