నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని ప్రభుత్వోద్యోగి ఎలా పాటించాలి?

పై అధికారి ఫోను చేసి "ముందు ఆ పని కానివ్వండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే కొత్తగా చేరిన ఉద్యోగి ఏం చేయాలన్నది ప్రశ్న.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 3వ నియమం దారి చూపుతుంది. ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగా ఉండాలి. తప్పనిసరై నోటితో చెబితే, ఆ వెంటనే అధికారి దాన్ని రాతలో ధ్రువీకరించాలి. వీలైనంత త్వరగా ఆ ధ్రువీకరణ కోరడం కింది ఉద్యోగి విధి. కాబట్టి అడగడం ధిక్కారం కాదు. రాష్ట్ర ఉద్యోగులు తమ రాష్ట్ర నియమావళిని చూసుకోవాలి.

నేర్పంతా అడిగే తీరులో ఉంది. "రాసిస్తేనే చేస్తాను" అని భీష్మించనక్కర్లేదు. "ఈ ఉదయం మీరు ఫోనులో చెప్పిన ప్రకారం ఈ చర్య తీసుకుంటున్నాను, దయచేసి ధ్రువీకరించగలరు" అని ఫైలులో రాసి పంపితే చాలు. సక్రమమైన పనికి సంతకం పెట్టడానికి ఎవరూ పెద్దగా వెనకాడరు. రాకపోతే ఎందుకు రాలేదో మీకే అర్థమవుతుంది! నిబంధనకు విరుద్ధమైన పనైతే మాత్రం చేసేయకుండా, ఏ నిబంధన అడ్డొస్తోందో ఫైలులోనే రాయండి. వరండాలో గొణిగితే అది ఎక్కడా నమోదు కాదు.

రాసేటప్పుడు ఎవరిమీదా విసుర్లు వద్దు. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ రాతల నకళ్లను పౌరులు అడగవచ్చు.