“రద్దు చేయబడింది” అని రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. యేసుసభ, అంటే జెస్యూట్ గురువుల సంఘం, దాని జనరల్స్ (సభ పెద్దలు) 31 మంది మీద నలభై పేజీలు, అదీ చేతిరాతతో. 1541లో ఎన్నికైన సభ స్థాపకులు ఇన్యాసివారి నుంచి 2016లో వచ్చిన అర్తూరో సోసా దాకా ఒక్కరినీ వదల్లేదు. తేదీలు సరిచూశాను, బాగానే ఉన్నాయి. 22వ పేజీ దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

అక్కడ ఇలా రాశావు: “కొన్ని అనివార్య కారణాల వల్ల 1773లో సభ రద్దు చేయబడింది. 1814లో తిరిగి పునరుద్ధరించబడింది.” అంతే. 41 ఏళ్ళకి రెండు వాక్యాలు, రెండు “బడింది”లు.

ఎవరు రద్దు చేశారు తమ్ముడూ?

నీకు తెలుసు. పోర్చుగల్‌లో 1759లో మంత్రి పొంబాల్ వీళ్ళని వెళ్ళగొట్టాడు. 1764లో ఫ్రాన్స్‌లో సభని ఎత్తేశారు. 1767లో స్పెయిన్ రాజు మూడో చార్లెస్ తన రాజ్యం నుంచి ఓడలెక్కించాడు. ఆ రాజులంతా కలిసి రోమ్ మీద ఒత్తిడి పెట్టారు. చివరికి 1773 జూలై 21న సంతకం పెట్టింది 14వ క్లెమెంట్ పోపుగారు. నువ్వు చర్చి కాంపౌండ్‌లో పెరిగినవాడివి. పోపుగారిని కర్తగా పెట్టి “రద్దు చేశారు” అని రాయడానికి నీకు చెయ్యి రాలేదు. ఆ వెనకాడడం నాకు అర్థమవుతుంది. కానీ నువ్వు అలా ఒకరిని దాచినందుకు ఇంకొకరు కనబడకుండా పోయారు. లొరెంజో రిచ్చి, 18వ జనరల్.

సభ రద్దయ్యేనాటికి దాదాపు 23 వేల మంది సభ్యులకి ఆయన పెద్ద. ఆయన్ని రోమ్‌లోని కాస్తెల్ సాంత్ ఆంజెలో కోటలో బంధించి విచారణ జరిపారు గానీ నేరం రుజువు కాలేదు. అయినా వదల్లేదు. సంతకం పెట్టిన పోపుగారు మరుసటేడే చనిపోయారు, కొత్త పోపుగారు వచ్చారు, అయినా తలుపు తెరుచుకోలేదు. 1775 నవంబరులో చావు దగ్గరపడ్డాక, చివరి దివ్యసత్ప్రసాదం తీసుకునే వేళ, అక్కడున్న వాళ్ళ ముందు ఆయన ఒక కాగితం చదివారు. సభని రద్దు చేయడానికి మేము ఏ కారణమూ ఇవ్వలేదు, నన్ను చెరలో పెట్టడానికి నేను ఏ కారణమూ ఇవ్వలేదు అని దాని సారాంశం. 72 ఏళ్ళ మనిషి, దేవుని ముందుకు పోతూ “కారణం లేదు” అని చెప్పి పోయాడు. నువ్వేమో “అనివార్య కారణాల వల్ల” అని రాశావు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదువుకో.

ఈ “బడు” మన నోటి మాట కాదు. “అన్నం తినబడింది” అని ఏ అమ్మా అనదు. ఇది ఆఫీసు కాగితాల్లోంచి పత్రికల్లోకి, అక్కడి నుంచి నీలాంటి పిల్లల కలాల్లోకి పాకింది. నా కథల్లో ఒక సంపాదకుడు “మిల్లు మూసేశాడు” అని ఉన్నచోటల్లా “మిల్లు మూసివేయబడింది” అని దిద్దేవాడు. మర్యాదగా ఉంటుందట. ముప్ఫై ఏళ్ళయింది, ఆ ఎర్రసిరా గీత ఇప్పటికీ కళ్ళముందు కదులుతుంది.

అయినా నేనూ ఆ తప్పు చేశాను. పాతికేళ్ళ వయసులో ఒక బడి స్వర్ణోత్సవ సంచికకి చరిత్ర రాయమన్నారు. ఆ బడికి స్థలం కోసం ఊరూరా తిరిగిన కార్యదర్శిని తర్వాత కమిటీవాళ్ళు బయటికి పంపారు. పాజిటివ్‌గా రాయండి మాస్టారూ అన్నారు. నేను “ఆయన బాధ్యతల నుంచి తప్పించబడ్డారు” అని రాసి ఊరుకున్నాను. సంచిక వచ్చిన వారానికి, మిట్టమధ్యాహ్నం, ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. నులకమంచం మీద సంచిక తెరిచి పెట్టి, ఆ లైను మీద వేలు ఆనించి, “ఎవరు తప్పించారు సార్?” అని అడిగింది. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. ఇద్దరు ఆవిష్కరణ సభలో స్టేజీ మీదే కూర్చున్నారు. నేను నోరు తెరవలేదు. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. అందుకే నీ 22వ పేజీ నన్ను పడుకోనివ్వలేదు.

మొదటి పేజీకి రా. “ఇన్యాసివారు ఏకగ్రీవంగా ఎన్నుకోబడ్డారు” అన్నావు. ఎన్నుకున్నది ఆయన సహచరులే. ఆయన తన ఓటు మాత్రం తనకి వేసుకోలేదు. వద్దన్నారు, మళ్ళీ ఆలోచించమన్నారు. మళ్ళీ వేసినా ఆయన పేరే వచ్చింది. అప్పుడు వెళ్ళి ఒక ఫ్రాన్సిస్కన్ గురువు దగ్గర మూడు రోజులు తన పాపాలు చెప్పుకుంటూ పాపసంకీర్తనం చేశారు. ఒప్పుకోమని ఆ గురువు చెబితే గానీ ఒప్పుకోలేదు. జనరల్ అయ్యాక మొదట చేసిన పని కొన్నాళ్ళు వంటింట్లో పని చేయడం. “ఎన్నుకోబడ్డారు” అన్న ఒక్క మాటతో నువ్వు ఈ మనిషిని, ఆ ఓట్లని, ఆ వంటింటిని తుడిచేశావు.

ఇంకొకటి. 31 మందికీ తలా ఒక పేజీ పైచిలుకు, పంక్తిలో వడ్డించినట్టు వడ్డించావు. 37 ఏళ్ళకే జనరల్ అయి, 34 ఏళ్ళు ఆ కుర్చీలో ఉండి, 1599లో సభ బడులన్నిటికీ ఒకే చదువుల పద్ధతి తెచ్చిన అక్వవీవాకీ, 1652లో రెండు నెలలైనా నిండకుండా కన్నుమూసిన గొత్తిఫ్రేదికీ ఒకే కొలతా? ఇప్పుడు అందరూ ఇలాగే జాబితాలు రాస్తున్నారు. నువ్వు రాయకు.

ఆ 41 ఏళ్ళలో కూడా సభ పూర్తిగా చచ్చిపోలేదు. రోమ్ ఆజ్ఞని తన రాజ్యంలో ప్రకటించనివ్వను అంది రష్యా మహారాణి కేథరిన్. ఆమె కేథలిక్ కూడా కాదు. ఆమెకి బడులు నడిపేవాళ్ళు కావాలి. పోలత్స్క్ ప్రాంతంలో సుమారు 200 మంది అలా మిగిలారు, అక్కడే తమకో పెద్దని ఎన్నుకున్నారు. 1814లో ఏడో పయస్ పోపుగారు సభని మళ్ళీ నిలబెట్టినప్పుడు జనరల్‌గా ఉన్న బ్రోజోవ్‌స్కీ రోమ్ వెళ్తానంటే రష్యా చక్రవర్తి జార్ వెళ్ళనివ్వలేదు. 1820లో ఆయన రష్యాలోనే పోయారు. ఇటు మన వైపు చూస్తే, తెలుగు నేర్చి తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చిన గాస్తన్ కేర్దూ అనే ఫ్రెంచి గురువు, రద్దు తర్వాత ఆరేళ్ళు బతికి 1779లో పుదుచ్చేరిలో కన్నుమూశారు. యేసుసభ కోసం సముద్రాలు దాటి వచ్చిన మనిషి ఆ సభ లేని లోకంలో ఆరేళ్ళు ఎలా గడిపాడో ఒక్క పేరా ఆలోచించి రాయి. నీ వ్యాసం చదివే తెలుగువాడికి అది కావాలి.

ఇక తర్వాతి కాలపు జనరల్ అర్రూపె. హిరోషిమా మీద బాంబు పడ్డ రోజు ఊరి శివార్లలోని శిక్షణాలయాన్ని ఆసుపత్రిగా మార్చి గాయాలు కడిగిన మనిషి. ఒకప్పుడు వైద్యం చదివాడు గనక చేతికి ఆ పని వచ్చు. ఆ భాగం బాగా రాశావు. కానీ తర్వాత మళ్ళీ “1981లో అనారోగ్యం వల్ల బాధ్యతలు బదిలీ చేయబడ్డాయి” అనేశావు. ఆగస్టులో రోమ్‌లో విమానం దిగగానే ఆయనకి పక్షవాతం వచ్చింది. తన బదులు చూసుకోమని విన్సెంట్ ఓకీఫ్‌ని పెట్టుకున్నారు. అక్టోబరులో రెండో జాన్ పాల్ పోపుగారు ఆ ఏర్పాటు పక్కనపెట్టి, 79 ఏళ్ళ పావొలో దెత్సాని తన ప్రతినిధిగా నియమించారు. పోపుగారి ఉత్తరం పట్టుకుని కార్డినల్ కజరోలి అర్రూపె గదికి వచ్చారు. అన్ని భాషలు మాట్లాడిన మనిషి, మాట సరిగా రాక మంచం మీద ఉన్నాడు. ఈ పేర్లన్నీ రాయి. నిందగా కాదు, జరిగింది జరిగినట్టు.

1983లో ఆయన రాజీనామా చేసినప్పుడు సందేశం ఇంకొకరు చదివి వినిపించారు. ఎన్నడూ లేనంతగా ఇప్పుడు నేను దేవుని చేతుల్లో ఉన్నాను, చిన్ననాటి నుంచీ కోరుకున్నది ఇదే, కానీ ఇప్పుడొక తేడా ఉంది, చొరవ పూర్తిగా దేవునిదే అన్నారు అందులో. చూశావా? మాట పడిపోయినవాడు కూడా తన వాక్యానికి కర్త ఎవరో చెప్పాడు.

22వ పేజీ ఒక్కటే మళ్ళీ రాసి పంపు. కుడిపక్క మార్జిన్ వదిలి పంపు, పోయినసారి నాకు రాసుకోను చోటు లేకపోయింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు