ఎడారి ఒడ్డున తిమింగిలాలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

మెక్సికో దేశపు పడమటి అంచున సన్నగా, పొడవుగా సాగే బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం వెంట చిన్న నౌకల్లో జరిగే ప్రకృతి యాత్రలను గత సంచికలో పరిచయం చేశాము. ఆ వ్యాసం చదివి బెంగళూరు, చెన్నై పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఖర్చు కంటే అక్కడి ప్రాణుల గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉండడం ఎంతో సంతోషం కలిగించింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి శాన్ డియాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే చలికాలం వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు ఈ యాత్ర చేయాలని నాకూ మావారికీ కోరికగా ఉంది. ఇద్దరికీ అరవై దాటింది. పెద్ద క్రూయిజ్ ఓడ సుఖమని బంధువులు అంటున్నారు. చిన్న నౌకలో మాలాంటివాళ్ళు ప్రయాణం చేయగలరా? ఏ నెలలో వెళ్ళాలి? (ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై)

జవాబు: తిమింగిలాలను, తీరాన్ని చూడడమే మీ ఉద్దేశమైతే చిన్న నౌకనే ఎంచుకోండి. వేలమందిని మోసే ఓడలు కాబో శాన్ లూకస్ వంటి పెద్ద పట్టణాల ముందు ఆగి, ప్రయాణికులను బజారులో దింపి, సాయంత్రానికి మళ్ళీ ఎక్కించుకుని వెళ్ళిపోతాయి. వందమందికి లోపు ప్రయాణికులతో నడిచే నౌకకు లోతు తక్కువ ఉన్న నీళ్ళు చాలు కనుక, ఎస్పిరితు సాంతో, సాన్ హొసే వంటి దీవుల పక్కన, ఊరూ రేవూ ఏదీ లేని చిన్న చిన్న ఖాతాల్లో రాత్రి లంగరు వేసుకుని, తెల్లవారగానే రబ్బరు పడవల్లో మిమ్మల్ని ఒడ్డుకు చేర్చగలదు. దారిలో నీలి తిమింగిలం ఊపిరి పైకి లేచిందంటే కెప్టెన్ ఇంజను వేగం తగ్గించి గంటసేపు అక్కడే ఉండిపోవచ్చు; వేళ తప్పకుండా రేవు చేరవలసిన పెద్ద ఓడకు ఆ వెసులుబాటు ఉండదు.

వయసు అడ్డంకి కాదు, మోకాళ్ళ సంగతి మాత్రం చూసుకోవాలి. ఒడ్డుకు దిగేటప్పుడు పడవ అంచు మీద కూర్చుని, కాళ్ళు అవతలికి వేసి, మోకాలి లోతు నీళ్ళలో అడుగు పెట్టవలసి ఉంటుంది. అది చేయగలిగితే మిగిలినదంతా సులభమే. పసిఫిక్ వైపు ఉదయాలు చలిగా ఉంటాయి కనుక స్వెటరూ, గాలి చొరని కోటూ తప్పనిసరి. ద్వీపకల్పానికీ ప్రధాన భూభాగానికీ నడుమ ఉన్న కాలిఫోర్నియా సింధుశాఖ సాధారణంగా ప్రశాంతమే అయినా, చలికాలంలో ఉత్తరపు గాలి లేచిన రోజుల్లో అలలు పెద్దవవుతాయి. ఓడ ప్రయాణంలో కడుపు తిప్పే స్వభావం ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి మాత్ర దగ్గర ఉంచుకోవాలి, అదీ వికారం మొదలుకాక ముందే వేసుకోవాలి.

జనవరి చివరి వారం నుంచి మార్చి నడిమి వరకు అనువైన కాలం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్నవారికి పర్యటన కోసం మెక్సికో విడిగా వీసా అడగదు, అయితే నియమాలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు రాయబార కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. తిరిగి అబ్బాయి దగ్గరకే వెళ్ళాలి కాబట్టి, మీ అమెరికా వీసా ఒకటికి మించి ప్రవేశాలకు పనికివచ్చేదో కాదో కూడా చూసుకోండి.

ప్రశ్న: వానే సరిగా పడని ఎడారి పక్కన సముద్రంలో అంత జీవం ఎలా ఉంటుంది? నదులు తెచ్చే ఒండ్రు లేకుండా చేపలకు, తిమింగిలాలకు తిండి ఎక్కడి నుంచి వస్తుంది? (ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మారతహళ్ళి, బెంగళూరు)

జవాబు: ఈ యాత్రకు వెళ్ళేవారందరూ ముందుగా తెలుసుకోవలసిన విషయాన్ని మీరు అడిగారు. నేలను ఎండగట్టిన కారణమే చాలావరకు సముద్రాన్ని సంపన్నం చేసింది. ద్వీపకల్పానికి పడమట, ఉత్తరం నుంచి దక్షిణానికి కాలిఫోర్నియా ప్రవాహం అనే చల్లని సముద్రప్రవాహం సాగుతుంది. తీరం వెంట వాయవ్యం నుంచి వీచే గాలి పైనీటిని తోస్తుంటే, భూభ్రమణం వల్ల ఆ నీరు కుడివైపుకు, అంటే తీరానికి దూరంగా జరుగుతుంది. ఆ ఖాళీని పూరించడానికి లోతుల్లోని చల్లని నీరు పైకి వస్తుంది. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఆ నీటితోపాటు వెలుతురు పడే పొరలోకి చేరతాయి. నీటిలో తేలుతూ బతికే, కంటికి కనబడని మొక్కల్లాంటి జీవులు, వృక్షప్లవకాలు, వాటిని ఎరువుగా తీసుకుని విస్తరిస్తాయి. వాటిని రొయ్యను పోలిన క్రిల్ తింటుంది. క్రిల్‌ను చేపలూ, పక్షులూ, నీలి తిమింగిలాలూ తింటాయి.

ఇప్పుడు ఒడ్డు వైపు చూడండి. చల్లని నీటి మీది గాలి కూడా చల్లబడి, పైకి లేవక అక్కడే నిలిచిపోతుంది. గాలి పైకి లేవనిదే వానమబ్బు ఏర్పడదు. ఆ అక్షాంశాల్లో ఎత్తునుంచి కిందికి దిగే పొడిగాలి కూడా దీనికి తోడై వానను మరింత అరుదు చేస్తుంది. సముద్రం ఆ నేలకు పంపగలిగేది పొగమంచు మాత్రమే. విస్కైనో ఎడారిలో కాక్టస్ మొక్కల ముళ్ళకు వేలాడే నాచు, వేరుతో నేలను తాకని చిన్న చిన్న పిలక మొక్కలు ఆ మంచు తేమతోనే బతుకుతాయి. కార్డోన్ అనే మహా కాక్టస్, ప్రపంచంలోని కాక్టస్‌లన్నింటిలోకీ ఎత్తైనవాటిలో ఒకటి, ఆరంతస్తుల మేడంత పెరగగలదు. దాని కొమ్మ మీద గద్ద కూర్చుని ఉండగా, వెనుక సముద్రంలో తిమింగిలం తోక లేచే దృశ్యం ఈ తీరంలో అరుదైనదేమీ కాదు.

తూర్పు వైపున ఉన్న సింధుశాఖ కథ కొంత వేరు. భూఫలకాలు ఒకదానికొకటి దూరంగా జరగడం వల్ల కొన్ని మిలియన్ల ఏళ్ళ క్రితం ఈ ద్వీపకల్పం ప్రధాన భూభాగం నుంచి విడిపోగా, ఆ చీలికలోకి సముద్రం వచ్చింది. ఇరుకైన ఆ సింధుశాఖలో, ముఖ్యంగా నడిమి దీవుల మధ్య, ఆటుపోట్లు నీటిని బలంగా చిలికి అడుగు పోషకాలను పైకి తెస్తాయి. జనవరి నుంచి మార్చి వరకు లొరేతో అనే ఊరి ముందున్న నీళ్ళలో నీలి తిమింగిలాలు కనబడడానికి ఈ క్రిల్ సమృద్ధే కారణం.

అయితే ఎక్కువమంది యాత్రికులు చూడాలని వచ్చే బూడిద రంగు తిమింగిలాలు మాత్రం తిండి కోసం ఇక్కడికి రావు. వేసవి అంతా అలాస్కా అవతల బేరింగ్, చుక్చీ సముద్రాల అడుగు బురదలోని చిన్న జీవులను తిని కొవ్వు నిలవ చేసుకుని, శరదృతువులో దక్షిణానికి బయలుదేరుతాయి. రానూపోనూ కలిపి 16,000 నుంచి 20,000 కిలోమీటర్ల ప్రయాణం అది. ఇక్కడ గడిపే వారాల్లో అవి దాదాపు ఉపవాసమే ఉంటాయి. సాన్ ఇగ్నాసియో, ఓహో దె లియెబ్రె, మగ్దలేనా అనే చోట్ల ఇసుకదిబ్బల మాటున మన పులికాట్ సరస్సును తలపించే ఉప్పునీటి లాగూన్లు ఉన్నాయి. గోరువెచ్చగా, లోతు తక్కువగా, అలల తాకిడి లేకుండా ఉండే ఆ నీళ్ళలో అవి జతకడతాయి, పిల్లలను కంటాయి. పుట్టినప్పుడే పిల్ల సుమారు 4.5 మీటర్ల పొడవు ఉంటుంది. సగానికి సగం కొవ్వే ఉండే తల్లిపాలు తాగి, ఉత్తరాదికి ఈదగల బలం అది కొద్ది వారాల్లోనే కూడగట్టుకోవాలి. తల్లి ఏమీ తినకుండానే ఆ పాలన్నీ ఇస్తున్నదని గుర్తుంచుకుంటే, పడవలో మనం ఎలా మెలగాలో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రశ్న: తిమింగిలం పడవ పక్కకు వస్తే జనం చేత్తో నిమురుతున్న వీడియోలు చూశాను. అడవి జంతువును అలా తాకడం తప్పు కాదా? మా పిల్లలు అడిగితే ఏమని చెప్పాలి? (ఒక ఉపాధ్యాయుడు, జయనగర, బెంగళూరు)

జవాబు: ఈ ప్రశ్నకు కొంత చరిత్ర చెప్పక తప్పదు. 1857లో చార్లెస్ స్కామన్ అనే అమెరికన్ తిమింగిల వేటగాడు ఓహో దె లియెబ్రె లాగూన్‌కు దారి కనిపెట్టాడు. బయటి సముద్రంలో దొరకని తల్లులు, పిల్లలు ఆ ఇరుకు నీళ్ళలో వందలుగా ఉండడంతో, నూనె కోసం వేట విచ్చలవిడిగా సాగింది. పిల్లను గాయపరిచినప్పుడు తల్లులు పడవలను పగలగొట్టేవి. అందుకే నావికులు వాటికి రాక్షస చేప అని పేరు పెట్టారు. 19వ శతాబ్దం ముగిసేసరికి ఈ జాతి అంతరించే దశకు వచ్చింది. 1930ల నుంచి అంతర్జాతీయ ఒప్పందాలు వేటను ఆపాయి, 1972లో మెక్సికో ప్రభుత్వం ఓహో దె లియెబ్రెను తిమింగిలాల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

అదే 1972లో సాన్ ఇగ్నాసియో లాగూన్‌లో ఫ్రాన్సిస్కో మయొరాల్ అనే జాలరి చిన్న పడవలో చేపలు పడుతుండగా, ఒక తిమింగిలం పక్కకు వచ్చి పడవను రాసుకుంటూ చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. అప్పటివరకు జాలరులు వాటికి భయపడి దూరంగా తప్పుకునేవారు. ఆయన చెయ్యి చాచి దాన్ని తాకాడు. ఆ తరువాతి కాలంలో తల్లులు తమంతట తామే పడవల దగ్గరకు రావడం, పిల్లలను కూడా పైకి తోసి చూపించడం అక్కడ మామూలైపోయింది. ఎందుకు వస్తాయన్నది ఇప్పటికీ శాస్త్రజ్ఞులు తేల్చని విషయం. మూడు తరాల వెనుక ఎక్కడ తమను చంపారో అక్కడే అవి మనిషి చేతి దగ్గరకు వస్తున్నాయన్న సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

కాబట్టి పిల్లలకు ఇలా చెప్పండి: రావాలా వద్దా అన్న నిర్ణయం తిమింగిలానిది. పడవ దాన్ని వెంబడించకూడదు, దాని దారికి అడ్డం పోకూడదు, తల్లికీ పిల్లకూ నడుమ చొరబడకూడదు. అది తానుగా వచ్చి పడవను ఆనుకుంటే చేత్తో నెమ్మదిగా తాకవచ్చు. కళ్ళనూ, తల పైనున్న ఊపిరి రంధ్రాలనూ ముట్టకూడదు. సాన్ ఇగ్నాసియోలో పెద్ద నౌకలకు ప్రవేశం లేదు, యాత్రికులు స్థానికులు నడిపే పాంగా అనే చిన్న పడవలు ఎక్కవలసిందే. ఒకేసారి తిరగగల పడవల సంఖ్యకు పరిమితి ఉంది, పడవలు తిరగడానికి వీలున్న భాగం ముఖద్వారం దగ్గర మాత్రమే; తల్లులు పిల్లలను సాకే లోపలి నీళ్ళలోకి ఎవరినీ అనుమతించరు. ఈ నియమాలను పాటించని పడవవాడు ఎదురైతే, ఎంత డబ్బు కట్టినా సరే, వద్దని నోరు తెరిచి చెప్పండి. యాత్రికులు ఊరుకుంటేనే నియమాలు సడలుతాయి.

ఈ లాగూన్ ఒడ్డున భారీ ఉప్పు కర్మాగారం పెట్టాలని గతంలో ప్రయత్నం జరిగింది. దేశదేశాల ప్రజలు, స్థానిక జాలరులు ఎదిరించగా, 2000 మార్చిలో అధ్యక్షుడు ఎర్నెస్టో జెడిల్లో దాన్ని రద్దు చేశారు. 1993లోనే ఈ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అయినా ఆందోళన తీరలేదు. 2016 నాటికి సుమారు 27,000 వరకు పెరిగిన తూర్పు పసిఫిక్ బూడిద తిమింగిలాల సంఖ్య 2023 నాటికి దాదాపు 14,500కు పడిపోయింది, మధ్యలో కొంత కోలుకున్నట్టు కనబడినా 2025 అంచనాలో మళ్ళీ సుమారు 13,000కు తగ్గింది. ఉత్తర ధ్రువ సముద్రాల్లో మంచు తగ్గడం వల్ల అడుగు బురదలోని ఆహారం మారిపోవడమే ప్రధాన కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. ఆకలితో చిక్కిన తిమింగిలాలు లాగూన్లకు వస్తున్న ఈ కాలంలో, వాటి విశ్రాంతికి భంగం కలిగించకపోవడం మునుపటికంటే ముఖ్యం.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. ఓడలో తిండికి ఇబ్బంది పడతామా? పచ్చళ్ళు, పొడులు తీసుకువెళ్ళవచ్చా? (ఒక దంపతులు, టి. నగర్, చెన్నై)

జవాబు: టిక్కెట్టు తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా చెబితే ఇబ్బంది ఉండదు. మెక్సికోలో చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టెలు, అన్నం, అవకాడో ఎప్పుడూ దొరుకుతాయి. కానీ గింజలను పందికొవ్వులో వేయించే ఆచారం ఉంది కనుక, ఊళ్ళో హోటళ్ళలో అడిగి తినండి. సీలు వేసిన కందిపొడి వంటివి విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపించి తీసుకువెళ్ళండి.

ఓడ దాటి దీవుల మీదకు మాత్రం ఏ తినుబండారమూ వద్దు, చెప్పులకు అంటిన మట్టీ విత్తనమూ కూడా కడిగి దిగాలి. ఒక్కొక్క దీవిలో మరెక్కడా లేని ప్రాణులున్నాయి. సాంతా కతలీనా దీవిలోని గిలక పాముకు తోక చివర గిలకే ఉండదు. రాసా అనే చిన్న దీవిలో హీర్మాన్ జాతి సముద్రపు కాకులు (గల్ పక్షులు), సొగసు రేవుపక్షులు (ఎలిగెంట్ టెర్న్‌లు) తమ జాతి మొత్తంలో నూటికి తొంభైకి పైగా గూళ్ళు పెడతాయి. ఓడలతోపాటు వచ్చిన ఎలుకలు గుడ్లు తినేస్తుంటే, 1995లో ఎంతో శ్రమపడి వాటిని నిర్మూలించవలసి వచ్చింది.

ప్రశ్న: మెక్సికో వెళ్ళే స్తోమత నాకు లేదు. మనకు దగ్గరలో ఇలాంటి ఎడారి తీరం ఏదైనా ఉందా? (ఒక డిగ్రీ విద్యార్థిని, బెంగళూరు)

జవాబు: ఉంది, పైగా మన వాతావరణంతో ముడిపడి ఉంది. బెంగళూరుకు వానలు తెచ్చే నైరుతి గాలే, ఒమన్ దేశపు దొఫార్ తీరం వెంట వీస్తూ అక్కడి పైనీటిని తోసి, చల్లని అడుగునీటిని పైకి రప్పిస్తుంది. ఆ ఆహారాన్ని నమ్ముకుని అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్ తిమింగిలాలు ఏ ధ్రువానికీ వలస పోకుండా అక్కడే ఉండిపోయాయి. జన్యు పరీక్షల ప్రకారం దాదాపు 70,000 ఏళ్ళుగా మిగతా హంప్‌బ్యాక్‌ల నుంచి వేరుపడి ఉన్న ఈ గుంపులో, ఒమన్ తీరంలో మిగిలినవి వందకు లోపేనని అంచనా. 2017 చివర ఒమన్‌లో ఉపగ్రహ పరికరం అమర్చిన లుబాన్ అనే ఆడ తిమింగిలం అరేబియా సముద్రం దాటి మన పడమటి తీరం వెంట కన్యాకుమారి వరకు వచ్చి, తిరిగి ఒమన్ వైపు వెళ్ళింది. అవి కనబడడం చాలా అరుదు కనుక వాటిని చూపిస్తామని గట్టిగా హామీ ఇచ్చేవారిని నమ్మకండి.

చదువుకునే వయసులో తక్కువ ఖర్చుతో ఎడారి తీరం చూడాలంటే గుజరాత్‌కు రైలెక్కండి. కచ్ సింధుశాఖలోని జామ్‌నగర్ సముద్ర జాతీయ ఉద్యానవనం 1982లో ఏర్పడింది. వాడినార్ దగ్గరున్న నరారాలో పోటు తీసినప్పుడు పగడపు దిబ్బల మధ్య నడుస్తూ ఆక్టోపస్‌లను, సముద్రపు పువ్వులను, ఉబ్బు చేపలను చూడవచ్చు. దక్షిణాన సౌరాష్ట్ర తీరంలో, ఒకప్పుడు కాలేయపు నూనెను చెక్కపడవలకు పూయడం కోసం చంపిన వేల్ షార్క్‌లను, అవి తిమింగిలాలు కావు, చేపలు, ఇప్పుడు జాలరులే వలలు కోసి వదిలిపెడుతున్నారు.

అక్టోబరు నుంచి మార్చి లోపల, అమావాస్యకో పౌర్ణమికో దగ్గరి రోజు చూసుకుని వెళ్ళండి. ఆ రోజుల్లో నీరు ఎక్కువ దూరం వెనక్కి తీస్తుంది. ఆటుపోట్ల వేళలు ముందే తెలుసుకుని, జామ్‌నగర్ అటవీశాఖ కార్యాలయంలో అనుమతి తీసుకుని, మందపు అడుగున్న బూట్లు వేసుకుని, స్థానిక గైడ్ వెంట నడవండి. రాళ్ళను తిరగేసి చూడవలసి వస్తే, చూశాక మళ్ళీ ఉన్నట్టే పెట్టండి. వాటి కింద గుడ్లు ఉంటాయి.