రెయిడ్‌లోంచి డిస్కు పదేపదే బయటకు పోతుంటే

ప్రశ్న: మా అకౌంట్స్ ఆఫీసులోని డెబియన్ లినక్స్ సర్వర్‌లో 4 టెరాబైట్ల మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులు రెండింటిని రెయిడ్ 1 పద్ధతిలో (ఒకే సమాచారాన్ని రెండింటిలోనూ రాసే ఏర్పాటు) జతచేసి వాడుతున్నాం. రెండో డిస్కు విఫలమైందని గత నెల సర్వర్ నుంచి మెయిల్ వచ్చింది. దాన్ని తీసి మళ్లీ చేర్చితే సింక్ (మంచి డిస్కులోని సమాచారం దానికి నకలు కావడం) పూర్తయి, కొన్నాళ్లు బాగానే నడిచి, మళ్లీ బయటకు పోయింది. అమ్మిన దుకాణంవారు పరీక్షించి డిస్కు బాగానే ఉందంటున్నారు. మార్చాలా, వద్దా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా పట్టించుకోవలసింది బయటకు పోయిన డిస్కును కాదు, మిగిలిన డిస్కును. ప్రాక్ డైరెక్టరీలోని ఎండీస్టాట్ ఫైలు తెరిచి చూడండి. రెండు డిస్కులూ పనిచేస్తున్నప్పుడు చదరపు బ్రాకెట్లలో రెండు ‘యు’ అక్షరాలుంటాయి. ఒకటి తప్పుకుంటే దాని స్థానంలో అండర్‌స్కోర్ గీత కనిపిస్తుంది. ఆ గీత ఉన్నంతకాలం మీ లెక్కలన్నీ ఒకే డిస్కు మీద ఉన్నట్లే. పైగా కొత్తగా సింక్ మొదలుపెడితే ఆ ఒక్క డిస్కునూ మొదటినుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది కనుక, ఇంతవరకూ ఎవరూ ముట్టని మూలలో చెడిపోయిన సెక్టార్ (సమాచారం నిల్వ ఉండే చిన్న భాగం) ఏదైనా ఉంటే అది సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. కాబట్టి వేరే డిస్కులోకి బ్యాకప్ తీసుకున్నాకే తక్కిన పనులు చేపట్టండి.

ఇక కారణం. డిస్కు తన ఆరోగ్యం గురించి నమోదు చేసుకున్న లెక్కలు చూపే స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో బయటకు పోయిన డిస్కు వివరాలు తెప్పించుకోండి. 5, 197, 198 అంకెలుగల వరుసల్లో చివరి విలువ పెరుగుతూ ఉంటే చెడు సెక్టార్లు పెరుగుతున్నాయని అర్థం. డిస్కు మార్చక తప్పదు. అవి సున్నా దగ్గరే ఉండి 199వ వరుస, అంటే సీఆర్‌సీ లోపాల (డిస్కుకూ సర్వర్‌కూ మధ్య సమాచారం చెదిరిన సందర్భాల) లెక్క, పెరుగుతుంటే డిస్కును సర్వర్‌కు కలిపే సాటా కేబుల్‌నో కనెక్టర్‌నో అనుమానించాలి. కేబుల్ మార్చినా ఆ లెక్క వెనక్కి తగ్గదు. ఈ రోజు విలువ రాసిపెట్టుకొని, వారం తర్వాత పోల్చి చూడండి.

దుకాణంవారు అబద్ధం చెప్పారని నేననుకోను. మీరు వాడుతున్నవి డెస్క్‌టాప్ డిస్కులు కనుక మూడో కారణానికి ఎక్కువ అవకాశముంది. ఇలాంటి డిస్కు మొరాయించే సెక్టార్‌ను చదవడానికి నిమిషానికి పైగా తంటాలు పడవచ్చు. లినక్స్ కెర్నెల్ (వ్యవస్థ మూలభాగం) మాత్రం మామూలుగా 30 సెకన్లు చూసి, విసిగి, డిస్కుతో లింకును రీసెట్ చేస్తుంది. నిజానికి చదవడంలో లోపం వచ్చినప్పుడు రెయిడ్ రెండో డిస్కులోంచి సమాచారం తెచ్చి, ఆ చెడు సెక్టార్ మీద తిరిగి రాస్తుంది. అంతటితో సమస్య తీరాలి. కానీ డిస్కు ఇంకా పాత ప్రయత్నంలోనే ఉండి పలకకపోతే ఆ రాత కూడా విఫలమవుతుంది, దాంతో రెయిడ్ ఆ డిస్కును బయటకు నెట్టేస్తుంది. ఆ తర్వాత దుకాణంలో రెండు నిమిషాల చిన్న పరీక్ష పెడితే దానికి ఏమీ దొరకదు. గంటల తరబడి సాగే లాంగ్ టెస్ట్ అడగండి. కెర్నెల్ లాగ్‌లో డిస్కు పోయిన సమయానికి రీసెట్ల గొడవ కనిపిస్తే నా అనుమానం బలపడినట్లే.

డిస్కు ఒప్పుకుంటే, స్మార్ట్‌సీటీఎల్‌లోని ఎస్‌సీటీ ఈఆర్‌సీ అమరికతో ఆ ప్రయత్నాన్ని 7 సెకన్లకు కుదించండి. అక్కడ ఇవ్వాల్సిన విలువ 70, ఎందుకంటే లెక్క సెకనులో పదోవంతుల్లో ఉంటుంది. చాలా డిస్కుల్లో కరెంటు పోగానే ఇది మరుగునపడుతుంది కనుక బూట్ అయిన ప్రతిసారీ అమలయ్యేలా చూడాలి. డిస్కు ఒప్పుకోకపోతే కెర్నెల్ వేచిచూసే 30 సెకన్ల గడువునే 180 సెకన్లకు పెంచండి.

చివరికి మార్చాల్సే వస్తే, లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు రీబూట్‌లో తారుమారు కావచ్చు కనుక డిస్కు మీది సీరియల్ నంబరు సరిచూసుకొని మాత్రమే విప్పండి. పార్టిషన్ పట్టికను (డిస్కు ఏయే భాగాలుగా విభజించి ఉందో చెప్పే జాబితా) ఎస్‌జీడిస్క్ ఆదేశంతో నకలు చేసేటప్పుడు మరీ జాగ్రత్త: పెద్ద అక్షరం ఆర్ (-R) అనే ఆప్షన్ తర్వాత వెంటనే రాయాల్సింది కొత్త డిస్కు పేరు, బాగున్న పాతది చివర. తలకిందులైతే ఖాళీ పట్టిక మంచి డిస్కు మీద పడుతుంది. సర్వర్ ఈ డిస్కుల నుంచే బూట్ అవుతుంటే, సింక్ పూర్తయ్యాక కొత్త డిస్కు మీద కూడా సర్వర్‌ను బూట్ చేసే గ్రబ్‌ను స్థాపించండి. లేకపోతే పాత డిస్కు పోయిన రోజున సమాచారం భద్రంగానే ఉన్నా సర్వర్ లేవదు.