బొమ్మ స్టేషన్‌కి వైఫై ఎందుకండీ?

సందేహం: రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్ మోడల్ రైల్వే కట్టుకున్నాను. కొండలన్నీ థర్మకోల్‌తో చేశాను. స్టేషన్‌కి, వీధి దీపాలకి తక్కువ ఖర్చులో లైటింగ్ కావాలి. ప్రస్తుతానికి దీపావళికి కొన్న సీరియల్ సెట్ ఒకటి ఇళ్లలో దూర్చాను. మా మనవడు వైఫై ఎల్ఈడీ స్ట్రిప్ తెప్పించాడు. డబ్బాలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ వేసుకోమంటోంది. ఈ రెండింటిలో ఏది మంచిది? రెండు వేలు దాటకూడదు. – గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ వద్దు. ముందు లేచి ఆ సీరియల్ సెట్ ప్లగ్ పీకేసి రండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

సీరియల్ సెట్ల గురించి ప్రతి పండక్కీ రాస్తూనే ఉన్నాను. చవక సెట్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది నాలుగు డయోడ్లు, ఒక చిప్. అంటే ప్రతి బల్బు కాడ మీదా 230 వోల్టుల లైన్ ఉన్నట్టే. గుమ్మానికి వేలాడదీస్తే ఎవరి చెయ్యీ తగలదు. మీ బల్లమీద అలా కాదు. లోహపు పట్టాలున్నాయి, అడుగున వైర్లున్నాయి, పడిపోయిన బోగీని నిలబెట్టే మనవడి చెయ్యి ఉంది. ఒక్కచోట తొక్క ఊడిన వైరు పట్టాకి తగిలిందా, ట్రాక్ మొత్తం కరెంటే.

ఇక చవక దారి. మీ అటక మీద పాత రౌటరుదో సెట్‌టాప్ బాక్సుదో అడాప్టర్ కచ్చితంగా ఉంటుంది. దానిమీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే మీ ఊరికి అదే పవర్ హౌస్. బల్ల అడుగున రెండు లావుపాటి వైర్లు ఈ చివర నుంచి ఆ చివరికి లాగి, దీపాలన్నీ వాటికే తగిలించండి. స్టేషన్‌కి ఒకటి, ఊరికి ఒకటి, యార్డుకి ఒకటి స్విచ్చి పెట్టుకోండి. పట్టాల్లోంచి మాత్రం కరెంటు తీసుకోవద్దు. రైలు వేగం మార్చేది మామూలు డీసీ కంట్రోలర్ అయితే రైలు ఆగినప్పుడల్లా ఊరంతా చీకటైపోతుంది.

అందరూ తప్పు చేసేది వెలుతురు దగ్గరే. ఎల్ఈడీ 20 మిల్లీ ఆంపియర్లు తట్టుకుంటుందని ఎక్కడో చదివి అంతా ఇచ్చేస్తారు. అప్పుడు హాల్టు స్టేషన్ కాస్తా క్రికెట్ స్టేడియం అవుతుంది. 2 మిల్లీ ఆంపియర్లు చాలు. వార్మ్ వైట్ ఎల్ఈడీ దాదాపు 3 వోల్టులు తీసుకుంటుంది కాబట్టి, 12 వోల్టుల మీద ఒక్కోదానికి, కరెంటును అదుపులో ఉంచే 4.7 కిలో ఓమ్స్ రెసిస్టర్ వేయండి. మూడింటిని వరసగా కలిపితే 1.5 కిలో ఓమ్స్ సరిపోతుంది. ఈ లెక్కన విడివిడిగా యాభై దీపాలు వెలిగించినా పదో వంతు ఆంపియరే. పది ఎల్ఈడీలను పక్కపక్కన (ప్యారలల్‌గా) కట్టి అన్నిటికీ ఒకే రెసిస్టర్ వేసేవాళ్లు మాత్రం రెండోది వెలగడం లేదని నాకు ఉత్తరం రాయొద్దు.

సైజు కూడా చూసుకోండి. హెచ్‌ఓ అంటే 87వ వంతు. 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీని స్తంభానికి పెడితే నిజం లెక్కలో 43 సెంటీమీటర్ల బల్బు, అంటే వీధి దీపానికి బదులు అన్నం పళ్లెం వేలాడదీసినట్టు. 0603 అనే చిన్న రకం 1.6 మిల్లీమీటర్లే ఉంటుంది. సన్నటి వైరు అతికించే అమ్ముతారు, స్తంభాలకి అవే తీసుకోండి. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠిలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే గుజరాతీ గల్లీ ఒకసారి చుట్టి రండి.

ఇళ్ల లోపలికి మామూలు 12 వోల్టుల స్ట్రిప్ ముక్కలు పెట్టొచ్చు. మీటరుకి 60 ఎల్ఈడీల రకమైతే 5 సెంటీమీటర్లకో కత్తిరింపు గుర్తు ఉంటుంది. ఒక్కో ఇంటికి ఒక ముక్క చాలు. దానికి 12కి బదులు 9 వోల్టుల అడాప్టర్ పెట్టి చూడండి. వెలుగు మందగించి పల్లెటూరి ఇంట్లో బల్బులా ఉంటుంది, వేడీ ఉండదు. థర్మకోల్ కొండల పక్కన ఆ వేడి లేకపోవడమే ముఖ్యం. 3000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) దాటిన తెలుపు కొనకండి. మరీ తెల్లటి స్ట్రిప్ వేస్తే మీ రైల్వే కాలనీ మందుల షాపులా కనిపిస్తుంది. గోడల్లోంచి వెలుతురు కారుతుంటే లోపలివైపు నల్ల పెయింట్ పూయండి.

జర్మనీలో హాంబర్గ్‌లోని మినియేచర్ వండర్‌ల్యాండ్‌లో పావుగంటకోసారి రాత్రవుతుంది. అక్కడ దాన్నంతా కంప్యూటర్లు నడుపుతాయి. మీకు రాత్రి కావాలంటే గది ట్యూబ్‌లైట్ ఆర్పేస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఆ క్యూఆర్ కోడ్ సంగతి. అసలు నాకు టెన్షన్ అక్కడే. ఇలాంటి చవక కంట్రోలర్లలో కొన్నిటి క్యూఆర్ కోడ్ ప్లేస్టోర్‌కి తీసుకెళ్లదు. ఏదో సైట్ తెరిచి, ఏపీకే ఫైల్ (ప్లేస్టోర్‌తో పని లేకుండా యాప్ వేసే ఫైల్) దించుకోమంటుంది. 'తెలియని యాప్‌లను అనుమతించండి' అనే చోట మనం టక్కున ఓకే కొట్టేస్తాం. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అని వచ్చే ఏపీకేలతో జనం ఖాతాలు ఖాళీ అవుతున్నదీ ఈ దారిలోనే. లైటు యాప్‌లన్నీ దొంగవని నేననను. ఏది దొంగదో డబ్బా చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. మనవడు వేసింది ఎవరి ఫోన్లో? మీ పెన్షన్ ఖాతా ఉన్న ఫోన్లోనేనా?

బ్లూటూత్ లైటు యాప్ లొకేషన్ అడిగితే కంగారు పడక్కర్లేదు. ఆండ్రాయిడ్ 11 వరకు చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే ఆ అనుమతి ఉండాల్సిందే. 12 నుంచి దానికి వేరే అనుమతి వచ్చింది. అయితే దీపం వెలిగించడానికి కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు దేనికి? యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే ఇక ఆలోచించే పనే లేదు, ఆ యాప్ తీసేయండి. అది ఇచ్చామంటే తెర మీద కనిపించేవన్నీ చదవగలదు, మన బదులు తనే బటన్లు నొక్కగలదు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ముందు ఫోన్‌కి నెట్ ఆపి, ఆ అనుమతి రద్దు చేసి, యాప్ తీసేసి, పాస్‌వర్డ్‌లు మరో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎల్లుండి బ్యాంకుకి వెళ్లి కనుక్కుందాం అంటే ఆలస్యమైపోతుంది.

యాప్ మంచిదే అనుకుందాం. ఆ కంట్రోలర్ మీ ఇంటి వైఫైలో ఏళ్ల తరబడి కూర్చుంటుంది, దానికి అప్‌డేట్ ఇచ్చే నాథుడు ఉండడు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాల్లో, రికార్డర్లలో దూరి పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. అందరికీ ఒకే డీఫాల్ట్ పాస్‌వర్డ్‌తో ఇలాంటి వస్తువులు అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్‌లో నిషేధించింది. ఇక్కడ మాత్రం డబ్బా మీద 'స్మార్ట్' అని ఉంటే చాలు, బుట్టలో పడేస్తాం. రంగులు మారే దీపాలే కావాలని మనవడు పట్టుబడితే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు మీద, దీపాలను నడిపే డబ్ల్యూఎల్ఈడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయమనండి. దానికి ఖాతా అక్కర్లేదు, ఇంటి బయట సర్వర్ అక్కర్లేదు. దాన్ని కూడా రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (ఇంటి ఫోన్లకి దూరంగా ఉంచే విడి వైఫై) మీదే పెట్టించండి.

దీపాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈమధ్య ప్రతి చిన్న వస్తువుకీ సీ టైప్ రంధ్రం పెడుతున్నారు. ఫోన్‌తో వచ్చిన సీ టు సీ కేబుల్ గుచ్చితే వెలగదు. వస్తువు పాడైందని తిప్పి పంపేస్తారు పాపం. వస్తువు లోపల 5.1 కిలో ఓమ్స్ రెసిస్టర్లు రెండు ఉంటేనే ఛార్జర్ కరెంటు వదులుతుంది. రూపాయి కూడా చేయని ఆ రెండింటినీ మిగుల్చుకుని కొనేవాణ్ని ఏడిపిస్తున్నారు. పాత వెడల్పు యూఎస్‌బీ (టైప్-A) ఛార్జర్‌తో, A టు C కేబుల్‌తో పెట్టి చూడండి, వెలుగుతుంది. మూడు నెలల్లో ఈ ఒక్క ఫిర్యాదే ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను.

సందేహం: రైలు లేఅవుట్ వీడియో తీస్తుంటే ఫోన్లో నల్ల గీతలు పాకుతున్నాయి. కెమెరా పోయిందా? – రాజమండ్రి నుంచి మరో పాఠకురాలు

జవాబు: కెమెరాకేమీ కాలేదండీ. మీ డిమ్మర్ చవకది. అది వెలుగు తగ్గించడమంటే దీపాన్ని గబగబా ఆర్పి వెలిగించడమే. కంటికి తెలియకపోయినా కెమెరా పట్టేస్తుంది. డిమ్మర్‌ని ఫుల్‌లో పెట్టి, లేదా పూర్తిగా తీసేసి, పైన చెప్పినట్టు 9 వోల్టుల అడాప్టర్‌తో వెలుగు తగ్గించుకోండి. గీతలు అప్పటికీ ఉంటే గది ట్యూబ్‌లైట్ ఆర్పి మళ్లీ తీసి చూడండి.