నీ వ్యాసంలో ట్విస్ట్ ఏది తమ్ముడూ?

తమ్ముడూ,

కొత్త, పాత రైఫిల్ తూటాల మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివా, ఒకసారి ఫోన్‌లో, ఇంకోసారి ప్రింట్ తీసుకుని పెన్ను పట్టుకుని. నీకు వాక్యం నడపడం వచ్చు, ఎక్కడా బోర్ కొట్టలేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా ఎందుకంటే తర్వాత చెప్పేవి అంత తియ్యగా ఉండవు. "6.5 క్రీడ్‌మూర్ వచ్చాక .30-06 పని అయిపోయింది" అని, కొత్త తూటా పాత తూటాని మింగేసిందని మొదటి లైన్లోనే తీర్పు ఇచ్చేశావు చూడు, దాని కింద ఎర్రగీత కొట్టా. పాత తూటా అభిమాని అక్కడే మూసేస్తాడు, కొత్తదాని అభిమాని అవునవునని తలూపేసి వెళ్ళిపోతాడు, మిగతా నాలుగు పేజీలు ఎవరికోసం రాసినట్టు?

అసలు ఈ గొడవ మన తాతల నాటిది. 1915లో సావేజ్ కంపెనీ .250-3000 అని ఒక తూటా (ఇత్తడి కేస్, అందులో మందు, మూతిలో బుల్లెట్, అన్నీ కలిపి తూటా) తెచ్చింది, డిజైన్ చేసింది చార్లెస్ న్యూటన్. ఆయన 100 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుని ఈ చిన్న కొలతలోనే చెప్తారు) బుల్లెట్ పెడదామంటే కంపెనీ వాళ్ళు 87కి దించారు, ఎందుకంటే బరువు తగ్గితేనే కదా సెకనుకి 3000 అడుగులు అని గొప్పగా చెప్పుకునేది, ఆ అంకెని ఏకంగా పేరులోనే ఇరికించేశారు. తూటా పేరే పోస్టర్ అయి కూర్చుంది. నువ్వేమో బ్రోచర్లో వేగాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసేశావు. ఆ అంకె ఎంత పొడుగు బ్యారెల్‌తో తీశారో రాయాలి కదా, 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్ లెక్క చూసి 20 అంగుళాల రైఫిల్ కొన్నవాడు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు కాల్చుకుంటే మొహం వాడిపోతుంది, తిట్లు మాత్రం నీకే వస్తాయి.

ఇక నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్తా. రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో పాత .22-250 రైఫిల్ ఒకటి చేతికొచ్చింది. సన్నగా పొడుగ్గా ఉండే 75 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ల (గురి పోటీలకోసం చేసేవి) మీద మోజు నాకు, ఫ్రెండ్ ఒకతను ఖాళీ కేసుల్లో వాటిని కూర్చి రీలోడ్ చేసిచ్చాడు, వంద గజాల్లో కాల్చా. దగ్గరికెళ్ళి టార్గెట్ పేపర్ చూస్తే గుండ్రటి చిల్లులు లేవు, బుల్లెట్ పక్కకి పడుకుని దూరినట్టు పొడుగు చిల్లులు, ఒకటైతే అచ్చం బుల్లెట్ బొమ్మే, ముక్కేదో మడమేదో తెలుస్తోంది. రెండు అసలు పేపర్‌కే తగల్లేదు. ఇంటికొచ్చి ఈ పాత తూటాకి గురి లేదు అని ఊగిపోతూ రాసి పంపా, అచ్చయింది కూడా. తర్వాత ఒక పాఠకుడి కార్డు వచ్చింది, ఒకే ఒక్క లైన్: "అయ్యా, ఆ బ్యారెల్ ట్విస్ట్ ఎంత?" ట్విస్ట్ అంటే బుల్లెట్‌ని తిప్పే గాడులు బ్యారెల్ లోపల ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయన్నది. చూస్తే 14 అంగుళాలకి ఒక చుట్టు, అంటే 50, 55 గ్రెయిన్ల పొట్టి బుల్లెట్లకోసం చేసిన బ్యారెల్ అది, అంత నిదానంగా తిప్పితే పొడుగు బుల్లెట్ నిలబడదు, తాడు వదులుగా చుట్టి విసిరిన బొంగరంలా తూలిపోతుంది. తూటా మీద వేసిన నింద మొత్తం తిరిగొచ్చి నా నెత్తినే పడింది.

అందుకే అడుగుతున్నా నీ వ్యాసంలో ట్విస్ట్ ఏదీ అని, సినిమా ట్విస్ట్ కాదులే. నాలుగు పేజీల్లో ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు, నా లెక్కలో ఈ కొత్తా పాతా కథ సగం అక్కడే ఉంది. 1955 తీసుకో. విన్‌చెస్టర్ .243 తెచ్చింది, రెమింగ్టన్ .244 తెచ్చింది, రెండూ 6 మిల్లీమీటర్ల బుల్లెట్లే, రెమింగ్టన్ కేస్ కొంచెం పెద్దది కూడా. కానీ విన్‌చెస్టర్ వాళ్ళు 10 అంగుళాలకి ఒక చుట్టు పెట్టి 100 గ్రెయిన్ల బుల్లెట్ ఇచ్చారు, రెమింగ్టన్ వాళ్ళు చిన్న జంతువులకి వాడతార్లే అనుకుని 12 అంగుళాల ట్విస్ట్‌తో తేలిక బుల్లెట్ల దగ్గర ఆగిపోయారు. అదే రైఫిల్‌తో జింకనీ కొట్టాలి అనుకున్నవాళ్ళు .243 వైపు వెళ్ళిపోయారు. 1963లో రెమింగ్టన్ అదే కేస్‌కి 6ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి, 9 అంగుళాల ట్విస్ట్ పెట్టి మళ్ళీ తెచ్చినా అప్పటికే బస్సు వెళ్ళిపోయింది. తేల్చింది ఇత్తడి కేస్ కాదు చూడు, బ్యారెల్ లోపలి గాడులు.

ఇప్పుడు మీ క్రీడ్‌మూర్‌కి వద్దాం. 2007లో హోర్నడీ అనే తూటాల కంపెనీ తెచ్చింది, దాని గొప్ప వేగంలో లేదు, సర్దుబాటులో ఉంది. అంతకుముందు 1997లో .260 రెమింగ్టన్ వచ్చింది, అది పాత .308 తూటా కేస్ మెడనే 6.5 మిల్లీమీటర్లకి నొక్కి చేసింది, బుల్లెట్ సైజు అదే, వేగమూ దాదాపు అంతే, కానీ కేస్ పొడుగు కావడంతో పొడుగాటి బుల్లెట్ పెడితే షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలకి సరిపోయే) రైఫిల్ మ్యాగజైన్లో పట్టడానికి దాన్ని కేస్ లోపలికి బాగా దించాల్సి వచ్చేది. క్రీడ్‌మూర్ వాళ్ళు కేస్‌ని దాదాపు 3 మిల్లీమీటర్లు కుదించారు, బుల్లెట్ ముక్కు బయట ఉండటానికి చోటు దొరికింది, 8 అంగుళాల ట్విస్ట్ మొదటినుంచే మామూలైపోయింది, ఫ్యాక్టరీ డబ్బాలోనే మ్యాచ్ సరుకు దొరికింది. ఇలా ఒక 3 మిల్లీమీటర్ల గురించి రెండు పేరాలు రాయి, నీ వ్యాసం ఎవరూ వదలరు.

కొత్త సీసాలో పాత సారా అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు, 1890ల నాటి 6.5x55 స్వీడిష్‌కి కూడా దాదాపు అదే ట్విస్ట్, అదే 140 గ్రెయిన్ల బుల్లెట్. అయితే పాత రైఫిళ్ళు ఇంకా వాడకంలో ఉన్నాయని అమెరికాలో దాని ప్రెషర్ హద్దు, అంటే పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి గరిష్ఠం, 51,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర పెట్టారు, క్రీడ్‌మూర్‌ది 62,000. కాబట్టి డబ్బా మీద అంకెలు పక్కపక్కన పెట్టి ముసలిది ఓడింది అనడం ఒకడి కాళ్ళు కట్టి పరుగుపందెం పెట్టినట్టే. .270 విన్‌చెస్టర్ (1925) పక్కన 2021లో వచ్చిన 6.8 వెస్టర్న్ పెట్టి చూసినా ఇదే కథ, బుల్లెట్ వ్యాసం ఒకటే, కొత్తదానికి వేగమైన ట్విస్ట్, బరువైన బుల్లెట్లు. అన్నట్టు .270 అంత నిలబడటంలో వేట రచయిత జాక్ ఓకానర్ దశాబ్దాలపాటు పత్రికలో రాసిన రాతలకి పెద్ద వాటా ఉంది, అంటే మనం రాసేదాన్ని బట్టి జనం రైఫిళ్ళు కొంటారు, ఆ బరువు కాస్త గుర్తుపెట్టుకో.

వేటనీ టార్గెట్‌నీ నువ్వు ఒకే పేరాలో కలిపి వండేశావు, అవి విడదీయి. 1000 గజాల్లో కాల్చేవాడికి గాలి ఎంత నెట్టిందన్నదే బతుకు, అక్కడ .308లో 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ ధ్వని వేగం దగ్గరికి పడిపోయి తడబడుతుంటే క్రీడ్‌మూర్ 140 ఇంకా హాయిగా పోతుంటుంది, కొత్తదాన్ని అక్కడ ఎంత పొగిడినా నేను ఒప్పుకుంటా. చట్టం ఒప్పుకునే చోట 150 మీటర్లలో జింకని కొట్టేవాడికి ఆ లెక్కలన్నీ దండగ, వాడికి ముఖ్యం బుల్లెట్ ఎలా చేశారన్నది, అది ఎక్కడ తగిలిందన్నది. వాడి .30-06 1906లో పుట్టింది కాబట్టి అమ్మేసుకో అని చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? ఇంకోటి, పాత పార్టీ వాళ్ళు ఏనుగుల్ని 7x57 అనే చిన్న తూటాతో కొట్టిన పాతకాలపు వేటగాడు బెల్ పేరు ఎత్తుతారు, ఆయన తగిలాక విచ్చుకోని సాలిడ్ బుల్లెట్లతో మెదడు ఎక్కడుందో తెలిసి కొట్టినవాడు, ఆ ఉదాహరణతో మామూలు వేటగాడికి చిన్న తూటా చాలని రాస్తే గాయపడి పారిపోయే జంతువు పాపం నీది.

వెనక్కి తన్నే సంగతి నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు, నాకైతే కొత్తవాటి అసలు బలం అదే. 8 పౌండ్ల రైఫిల్లో .30-06 తన్ను సుమారు 20 ఫుట్ పౌండ్లు ఉంటే క్రీడ్‌మూర్‌ది 12 చుట్టుపక్కల. కాగితం మీద చిన్న తేడాలా కనిపిస్తుంది. మ్యాగజైన్లో ఎవరికీ చెప్పకుండా ఒక డమ్మీ తూటా కలిపి కాల్చేవాడిని పక్కనుంచి చూడు, ట్రిగ్గర్ క్లిక్‌మన్న క్షణంలో పేలుడేమీ లేకుండానే బ్యారెల్ మూతి కిందికి ముక్కు దించుతుంది, భుజం ముందుకొస్తుంది, కన్ను మూసుకుంటుంది. నేను ఎవరికీ భయపడను అనే మనిషి చెవులు ఎర్రబడతాయి. ఆ దృశ్యం నీ వ్యాసంలో ఉంటే పీఎస్ఐ లెక్కలు సగం తీసేసినా ఫర్వాలేదు.

బ్యారెల్ అరుగుదల గురించి నాలుగు మాటలు చాలు, సన్న బుల్లెట్ వెనక ఎక్కువ మందు కూరితే బ్యారెల్ గొంతు (కేస్ ముందు గాడులు మొదలయ్యే చోటు) త్వరగా కాలిపోతుందని చెప్పి ముందుకెళ్ళు. తూటా దొరకడం గురించీ అంతే, 2003లో హడావిడిగా వచ్చిన సూపర్ షార్ట్ మ్యాగ్నమ్‌లు కొన్నవాళ్ళు ఇవాళ డబ్బా కోసం ఎంత తిరుగుతున్నారో అడిగితే చాలు.

చివర్లో నువ్వు పెట్టిన ఫోటో, మూడు బుల్లెట్ల గ్రూప్, "అర ఎంఓఏ" అని (అంటే వంద గజాల్లో దాదాపు అర అంగుళంలో పడ్డాయని) కింద క్యాప్షన్, అది తీసేయి. మూడు బుల్లెట్లు ఏ రైఫిలైనా ఏదో ఒకరోజు ఒకదానిమీద ఒకటి పెడుతుంది. రెండు రైఫిళ్ళూ తీసుకెళ్ళి, బ్యారెల్ చల్లారనిచ్చి, ఒక్కోదానితో పది కాల్చు, ట్విస్ట్, బ్యారెల్ పొడవు, దూరం పెన్సిల్‌తో పేపర్ మూలన రాయి, ఆ రెండు పేపర్లూ ఫోటో తీసి నాకు పంపు. పక్కకి పోయిన ఆ ఒక్క చిల్లు ఫోటోలో కట్ చేయకు, నేను ముందు చూసేది దాన్నే.

ఉంటా మరి,
అన్న