ఉక్కపోతకి డిగ్రీలు ఉంటాయా?

సందేహం: "42 డిగ్రీల ఉక్కపోత" అని ఈమధ్య తెగ రాస్తున్నారు, అలా అనొచ్చాండీ? వడదెబ్బ తగిలినవాళ్లకి "జ్వరం వచ్చింది" అంటే తప్పా? – ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: నా మటుకు నేనైతే రాయనండి. డిగ్రీలు గాలి వేడికి చెప్తాం. ఉక్కపోత అంటే వేడి ఒక్కటే కాదు కదా, గాల్లో తేమ ఎక్కువై, ఆకు కూడా కదలక, ఒంటిమీద చెమట ఆరకపోవడం. మన ఒళ్లు లోపల 37 డిగ్రీల దగ్గరే ఉండాలి, బయట అంతకన్నా వేడెక్కిందంటే లోపలి వేడి బయటికి పోడానికి చెమట తప్ప దారి లేదు, అదీ ఊరికే కారితే లాభం లేదు, ఆరాలి. లీటరు చెమట ఒంటిమీదే ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పట్టుకుపోతుంది, బొట్లు బొట్లుగా నేలమీద పడిపోతే దాదాపు ఏమీ పట్టుకెళ్లదు. అందుకే గాలి పొడిగా ఉండే పల్నాడు రెంటచింతల వైపు "ఎండకి మాడిపోతున్నాం" అంటారు, సముద్రం, కాలవలు, తడి చేలు చుట్టూ ఉన్న మన కోనసీమలో 36కే "ఉక్కపోసేస్తోంది బాబోయ్" అంటాం. దాళ్వా (రెండో పంట వరి) కోతలకి వెళ్లేవాళ్లకి ఇది ప్రాణాలమీదకొచ్చే తేడా, టీవీలో 36 అని చూసి పర్లేదులే అనుకుంటే ఎలా? "42 డిగ్రీల ఎండ, దానికి తోడు ఉక్కపోత" అని విడివిడిగా రాస్తే సరిపోతుంది.

(గేదెలకి చెమట గ్రంథులు ఆవులకన్నా బాగా తక్కువ, మధ్యాన్నానికల్లా కాలవలో దిగి పడుకునేది అందుకే. కుక్కేమో నాలుక బయటపెట్టి రొప్పుతుంది.)

ఇక జ్వరం. జ్వరంలో ఒళ్లు తనంతట తనే వేడిని పెంచుకుంటుంది, మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఉండాల్సిన వేడిని 37 నుంచి పైకి జరుపుతుంది, అందుకే ఒళ్లు కాలుతున్నా చలేస్తోంది, దుప్పటి కప్పమంటాం. వడదెబ్బలో అలా ఏమీ జరగదు, ఒళ్లు వేడిని బయటికి పంపలేక ఓడిపోతుంది, లోపల 40 దాటిపోతుంది. మామిడిపళ్లు తిని "వేడిచేసింది" అనేది మళ్లీ వేరే, అప్పుడు థర్మామీటర్ పెట్టినా మామూలుగానే ఉంటుంది, నోరు పూస్తుంది, ఒంటేలుకి మంట, అంతే.

కాబట్టి "వడదెబ్బకి ఒళ్లు కాలిపోతోంది" అనండి, జ్వరం అనొద్దు. జ్వరం అన్నారంటే ఇంట్లోవాళ్లు జ్వరం బిళ్ల వేసి కూచుంటారు, దీనికి ఆ బిళ్ల పనిచెయ్యదు. నీడకి చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి గట్టిగా విసరాలి, మాట తడబడినా తెలివి తప్పినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.